పదకొండు చైన్లు

హిమజ మొదట తన సైకిల్ చైన్ ఒక్కటే మైనంలో ముంచింది. ఆరు నెలలు తిరిగేసరికి పదకొండు సైకిళ్ల చైన్లు ఆమె వంటింటి వెనక బాల్కనీలో బట్టల తీగకు వేలాడసాగాయి.

ఆమెకు నలభై మూడేళ్లు. పద్మారావు నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతుంది. భర్త దయాకర్‌ది మందుల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం. ఏ పూట పనిలో ఉంటాడో, ఏ పూట ఇంట్లో పడుకుని ఉంటాడో ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూస్తే తప్ప ఆమెకు గుర్తుండదు. అత్తగారు అనసూయమ్మ కిందటేడు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి మంచం మీదే. పగలు చూసుకోవడానికి నాగజ్యోతి అనే మనిషిని పెట్టుకున్నారు గానీ, నాలుగున్నర కొట్టగానే ఆమె చెప్పులు వేసుకుంటుంది. అక్కణ్ణుంచి మర్నాడు ఎనిమిదింటి దాకా అంతా హిమజదే.

ఆదివారం ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు మాత్రం ఆమెకు సెలవు. ఆ పూట దయాకర్ తల్లి దగ్గర ఉంటాడు. ఇంటి దగ్గరి పార్కు ముందు పదకొండు మంది సైకిళ్లతో కలుసుకుని తార్నాక మీదుగా ఈసీఐఎల్, అక్కణ్ణుంచి కాప్రా చెరువు, ఓపికుంటే కీసర దాకా వెళ్లొస్తారు. మూడేళ్లుగా ఆమె వారమంతా ఆ నాలుగు గంటల కోసమే నెట్టుకొచ్చింది.

సైకిళ్ల మీద మోజున్నవాళ్లకు చైన్ పట్టింపు ఎక్కువ. టీ తాగడానికి ఆగినప్పుడల్లా అదే మాట. నూనె మంచిదా, మైనం మంచిదా? నూనె వేస్తే దుమ్ము పట్టుకుంటుంది. వారం తిరక్కుండా నల్లటి ముద్దయి, ఆ ముద్దే ఆకురాయిలా పళ్లచక్రాన్ని అరగదీస్తుంది. మైనమైతే పొడిగా ఉంటుంది, దుమ్ము అంటదు, పిక్కకు మరక కాదు. ఈ సంగతులన్నీ వీడియోలు చూసి తెచ్చేది రాఘవేందర్. ఆర్కిటెక్టు ఆఫీసులో పనిచేసే అతనే గుంపుకు పెద్ద. ఏ దారిన వెళ్లాలో, ఎక్కడ ఆగాలో అతను చెప్పిందే మాట.

వీడియోలు చూపించింది రాఘవేందర్, చేసి చూసింది హిమజ. చైన్ విప్పి కిరోసిన్‌లో రెండు మూడు సార్లు కడగాలి. ఆరబెట్టాలి. పాత రైస్ కుక్కర్‌లో మైనం కరిగించి, చైన్‌ను తీగకు గుచ్చి అందులో ముంచాలి. బుడగలు రావడం ఆగేదాకా అటూ ఇటూ ఆడించాలి. తీసి వేలాడదీస్తే చల్లారి కర్రలా బిగుసుకుపోతుంది. అప్పుడు చీపురుకర్ర మీద ఒక్కొక్క లింకునూ వంచుతూ సడలించాలి. లెక్కల టీచరు కాబట్టి ఆమెకు ఓపికుంది, చేయి పొందికగా ఉంది. ఆ ఆదివారం ఆమె సైకిల్ చప్పుడు లేకుండా పోతుంటే పక్కన వస్తున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

"అక్కా, నాది సుత జెర చేసి పెట్టరాదు? నీ చేతికి మంచిగ కుదిరింది" అన్నాడు రాఘవేందర్.

ఆ మాట ఆమెకు బాగుంది. ఇంట్లో గానీ బడిలో గానీ ఆమె చేతి గురించి ఎవరైనా ఏమైనా అని చాలా కాలమైంది. చేసి పెట్టింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. కొన్నాళ్లకు అడగడం కూడా మానేశారు. గురువారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలుపు గొళ్లేనికి ప్లాస్టిక్ సంచులు వేలాడుతుండేవి. ఒక్కో సంచిలో ఒక్కో మురికి చైన్, పేరు రాసిన చీటీ.

ఒక పక్క మైనం కరుగుతుంటే ఇంకో పక్క పరీక్ష పేపర్లు దిద్దేది. పేపర్ల మీద కిరోసిన్ వేలిముద్రలు పడేవి. లోపలినుంచి అనసూయమ్మ సణిగేది.

"ఏందే హిమజా, ఇల్లంత గ్యాసునూనె వాసన. నాకు తల తిరుగుతుంది."

"అయిపోయింది అత్తమ్మా, కిటికీ తీస్త."

ఒకసారి దయాకర్‌తో అంది, "ఆ నాలుగు గంటల కోసం వారంల ఎనిమిది గంటలు చేస్తున్న ఈ పని."

"బందు చెయ్యరాదు మరి."

"ఎట్ల బందు చెయ్యాలె? అందరు నా మీదనే ఉన్నరు."

ఆమె తిరిగి చూసేసరికి అతను నిద్రపోయి ఉన్నాడు.

మైనం పట్టించిన చైన్లను తిరిగి సైకిళ్లకు ఎక్కించే పని మాత్రం ఆమెది కాదు. అది బోయిగూడ సందులో జమాలుద్దీన్ చేసేవాడు. అరవై ఆరేళ్ల మనిషి. ఒకప్పుడు గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చిన దుకాణమే అది. ఇప్పుడు గేర్ల సైకిళ్లు బాగు చేస్తాడు. అతనికి మైనం మీద నమ్మకం లేదు. చైన్ లింకుల మధ్య తిరిగే ఒక్కో రోలర్ మీద కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పాత బనీను గుడ్డతో తుడిచేసేవాడు. "నూనె లోపల ఉండాలె టీచరమ్మా, పైన ఎందుకు?" అనేవాడు. అయినా ఆమె తెచ్చిన చైన్లను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, తల ఊపి బిగించేవాడు.

చైన్ రెండు కొసలనూ కలిపే చిన్న లింకును లాక్ అంటారు. పిన్నులున్న రెండు రేకులు ఎదురెదురుగా పెట్టి లాగితే కలుస్తాయి, కానీ అది చాలదు. లాక్ పైకి వచ్చేదాకా పెడల్ తిప్పి, బ్రేకు పట్టుకుని, పెడల్ మీద గట్టిగా కాలేసి తొక్కితేనే పిన్ను గాడిలో కూర్చుంటుంది. మైనం గట్టిపడిన లాక్ అయితే మరీ చూసుకోవాలి. ఇది నేర్పింది జమాలుద్దీనే.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బడి వదిలాక, రామ్మోహనరావు చైన్ పట్టుకుని హిమజ బోయిగూడ వెళ్లింది. రామ్మోహనరావు వాళ్లలో అందరికన్నా పెద్ద, అరవై మూడేళ్లు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన సైకిల్ బ్రేకు తీగ మార్చడానికి రెండు రోజులుగా జమాలుద్దీన్ దగ్గరే ఉంది. సాయంత్రం ఆయన వచ్చి తీసుకుపోవాలి, మర్నాడు కీసరగుట్ట.

షట్టర్ సగం దించి ఉంది. పక్కనే బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే పర్వతాలు తలెత్తి చూశాడు.

"చాచా లేడమ్మా. చాచీకి కన్ను చూపియ్యనీకి దవాఖానకు పోయిండు. ఐదింటికి వస్తనన్నడు."

హిమజ ఒక్క క్షణం నిలబడింది. చైన్ అక్కడ పెట్టి వెళ్లిపోవచ్చు. కానీ చాచా ఐదింటికి వచ్చి, అప్పుడే రామ్మోహన్ సార్ కూడా వస్తే ఆయన నిలబడి ఎదురు చూడాలి. పది నిమిషాల పని. షట్టర్ కిందనుంచి వంగి లోపలికి వెళ్లింది. ఆ వారం మూడు రాత్రులు అనసూయమ్మకు నొప్పి ఎక్కువై నిద్ర లేదు. కళ్లు మంటగా ఉన్నాయి. చైన్‌ను పళ్లచక్రాల మీదుగా తిప్పి, లాక్ రెండు రేకులూ కలిపి లాగింది. అప్పుడు ఫోన్ మోగింది.

"అక్కా, మా బిడ్డకు జరమొచ్చిందంట, నేను పోతున్న" అంది నాగజ్యోతి. "అమ్మ కూసోబెట్టమంటున్నది. నాతోని ఒక్కదానితోని అయితలేదు. జల్ది రాండ్రి."

హిమజ చేతులు గుడ్డకు తుడుచుకుని పరుగులాంటి నడకతో బయటికి వచ్చింది. పర్వతాలుకు చెప్పింది, "చైన్ ఎక్కించిన అని చాచాకు చెప్పు." ఆటో ఎక్కి ఇంటికి పోయింది. పెడల్ మీద కాలేసి తొక్కలేదన్న సంగతి ఆమెకు ఆ రోజంతా గుర్తు రాలేదు.

మర్నాడు ఏడుంబావుకు కీసరగుట్ట ఎక్కుడు మొదలైంది. రామ్మోహనరావు ఆమెకు పది గజాల ముందున్నాడు. ఎక్కుడు బాగా నిటారైన చోట ఆయన సీటు మీదనుంచి లేచి నిలబడి తొక్కాడు. ఏదో తెగిన చప్పుడు. ఆయన కాళ్లు ఒక్కసారిగా ఖాళీలో తిరిగాయి. ఛాతీ హ్యాండిల్‌కు కొట్టుకుని, మనిషి కుడి భుజం ఆనేలా రోడ్డు మీద పడ్డాడు.

అందరూ దిగి పరుగెత్తారు. ఆయన అరవలేదు. "లేపకుండ్రి, లేపకుండ్రి" అని మాత్రం అన్నాడు చాలా మెల్లగా. ముఖం బూడిద రంగుకు తిరిగింది. రాఘవేందర్ 108కు ఫోన్ చేశాడు. హిమజ ఆయన తల కింద తన సంచీ పెట్టి, నీళ్లు తాగించి, రోడ్డు మీద పడి ఉన్న చైన్ తీసింది. చైన్ ఎక్కడా తెగలేదు. లాక్ విడిపోయింది. ఒక రేకు ఉంది, రెండోది లేదు. ఉన్న రేకు గాడిలో మైనం ఇంకా అలాగే పేరుకుని ఉంది. పిన్ను అక్కడిదాకా రానే లేదని దానర్థం. మైనమే ఇంతదూరం పట్టి ఉంచింది.

ఆమెకు నిన్నటి మధ్యాహ్నం మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చింది. చైన్ చుట్టి జేబులో పెట్టుకుంది.

"జమాల్ భాయ్ బిగించిండు కదా నిన్న" అన్నాడు రాఘవేందర్ పళ్లు బిగించి. "ముసలోడైండు. కండ్లు కనవడ్తలెవ్వు. ఎన్నిసార్లు అనుకున్న నేను."

హిమజ నోరు తెరిచింది. అప్పుడే అంబులెన్సు వచ్చింది.

కాలర్ ఎముక రెండు చోట్ల విరిగింది. సోమవారం ఆపరేషన్ చేసి ఎముకకు స్టీలు రేకు వేశారు. ఆదివారమంతా హిమజ ఆసుపత్రిలో రామ్మోహనరావు భార్య కాంతమణి పక్కన కూర్చుంది. "నీకు ఇంటికాడ ముసలామె ఉంది, పోమ్మా, ఎంతసేపు కూసుంటవు" అని కాంతమణే రెండుసార్లు చెప్పింది. అలా ఆమె మీద దయ చూపిస్తుంటే చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆ రోజు సాయంత్రం రాఘవేందర్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: బోయిగూడ దుకాణానికి ఇకమీదట ఎవరూ వెళ్లవద్దు, మన ప్రాణాలకంటే పాత పరిచయాలు ఎక్కువ కాదు. కింద వరసగా బొటనవేలి గుర్తులు. హిమజ నాలుగు లైన్లు టైపు చేసి చెరిపేసింది. మళ్లీ టైపు చేసింది. అనసూయమ్మ పిలిచింది. వెళ్లి పక్క తిప్పి పడుకోబెట్టి వచ్చాక ఫోన్ తీయలేదు.

గురువారం ఇంటికి వచ్చేసరికి తలుపుకు నాలుగు సంచులు వేలాడుతున్నాయి. ఒకదాని మీద "అక్కా, సండే కల్లా అయితే మంచిగుంటది" అని రాసి ఉంది. ఆమె ఆ సంచుల ముందు మెట్ల మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి లోపలికి తీసుకెళ్లి, కుక్కర్ పెట్టింది. నాలుగూ కడిగింది, ముంచింది, ఆరవేసింది. చేతులకు అలవాటైపోయింది. లాక్‌లు మాత్రం విడిగా కాగితంలో కట్టి పెట్టింది.

పది రోజులకు రామ్మోహనరావును ఇంటికి తెచ్చారు. హిమజ చూడ్డానికి వెళ్లింది. ఆయన కుర్చీలో చేయి మెడకు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. బల్ల మీద బత్తాయిలు ఉన్నాయి.

"జమాలుద్దీన్ తెచ్చిండు" అన్నాడాయన. "పాపం, రెండు బస్సులు మారి దవాఖానకు వచ్చి, నేను లేనంటే మళ్లీ ఇంటికొచ్చిండు. నిలబడ్డడు, కూసోమంటే సుత కూసోలే. మాఫ్ చెయ్యుండ్రి సార్, నేను చూడకుంట బండి ఇచ్చిన అన్నడు. నలభై ఏండ్ల సంది చేస్తున్న, గిట్ల ఎప్పుడు కాలే అన్నడు. ఏమంట నేను? ఆయన వయసు సుత గట్లనే ఉంది."

"ఇంకేమన్నడు సార్?"

"ఇంకేమంటడు? గంతే."

వంటింట్లోంచి కాంతమణి టీ తెచ్చింది. హిమజ ఆ టీ తాగింది. బత్తాయిల గురించి, రేకు ఎప్పుడు తీస్తారన్న దాని గురించి మాట్లాడి లేచింది. ఇంటికి పోలేదు. బోయిగూడ వెళ్లింది.

దుకాణం తెరిచే ఉంది గానీ లోపల ఒక్క సైకిల్ లేదు. జమాలుద్దీన్ నమాజుకు వెళ్లాడని పర్వతాలు చెప్పాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది. పర్వతాలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కాసేపు అటూ ఇటూ చూశాడు.

"అమ్మా, ఒక మాట. ఆనాడు చైన్ నువ్వే ఎక్కించినవని నేను చాచాకు చెప్పిన. తెల్లారి పెద్ద సారు పడ్డడని తెలిసినంక గూడ యాది జేసిన. గా రాఘవేందర్ సారు వచ్చి ఈడ మస్తు లొల్లి పెట్టిండు. చాచా నోరు తెర్వలే. నేను చెప్పవోతే నా చెయ్యి పట్టి వెనుకకు గుంజిండు. ఎవ్వలకు చెప్పకు అన్నడు."

హిమజ స్టూలు మీదనుంచి లేచి నిలబడింది.

జమాలుద్దీన్ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. ఆమెను చూసి, పర్వతాలును చూసి, సంగతి అర్థమైనట్టు తల దించుకున్నాడు. గుడ్డ తీసుకుని, తుడవాల్సింది ఏమీ లేకపోయినా బల్ల తుడిచాడు.

"ఎందుకు చెప్పలే చాచా?" అంది ఆమె.

"ఏం చెప్పాలె టీచరమ్మా?"

"నేను బిగించిన అని. మీ పేరు ఖరాబైంది. ఒక్క బండి లేదు దుకాణంల."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆ రోజు పొద్దున ఆరింటికి పోయినం దవాఖానకు. నాలుగింటి దాంక లైన్ల కూసున్నం. మీ చాచీకి కన్ను కనిపించది కదా, నా భుజం పట్టుకుని నడుస్తది. ఐదింటికి వచ్చిన. సార్ వచ్చి నిలవడ్డడు. చైన్ ఎక్కి ఉంది. పర్వతాలు చెప్పిండు టీచరమ్మ ఎక్కించింది అని. సరే, మంచిగైంది అనుకున్న. బ్రేకు చూసిన. చైన్ చూడలే. తొక్కి చూస్తే తెలుస్తుండె. తొక్కలే. అలసిపోయి ఉన్న." అతను గుడ్డ మడిచాడు. "నా దుకాణంకెళ్లి పోయే బండి నేను చూడాలె. గది నా పని. నీ మీద ఏసి నేను తప్పుకుంట అంటే అది ఇన్సాఫ్ కాదు."

"నాది మీ మీద పడ్డది సుత ఇన్సాఫ్ కాదు చాచా."

"నీకు ఇంట్ల పెద్దామె మంచంల ఉంది. బడి ఉంది. ఈ పదిమంది చైన్లు ఉన్నయి. నీ ముఖం చూస్తనే ఉన్న ఆరు నెలల సంది. నాకేముంది? ఇయ్యాల కాకపోతే రేపు షట్టర్ దించేదే." మళ్లీ అన్నాడు, "పోనియ్యమ్మా. ఇప్పుడు చెప్తే ఏమొస్తది?"

"నిద్రొస్తది చాచా" అంది హిమజ.

అతను ఆమె వైపు చూశాడు. ఇంకేమీ వద్దనలేదు.

ఆమె అక్కణ్ణుంచి తిన్నగా రామ్మోహనరావు ఇంటికే వెళ్లింది. గంట కిందటే వెళ్లిన మనిషి మళ్లీ వచ్చేసరికి కాంతమణి ఏదో మర్చిపోయిందేమో అనుకుంది. హిమజ కూర్చోలేదు. పది రోజులుగా సంచీలో మోస్తున్న చైన్ తీసి బల్ల మీద పెట్టి, శనివారం మధ్యాహ్నం నుంచి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏడవకూడదనుకుంది, ఏడవలేదు.

రామ్మోహనరావు ఎడమ చేత్తో ఆ చైన్‌ను దగ్గరికి లాక్కుని చూశాడు.

"దవాఖానల పొద్దంత మా పక్కనే కూసున్నవు" అన్నాడు చివరకు. "గప్పుడు చెప్పనీకి ఏమైంది?"

"భయమైంది సార్."

"ఆ ముసలాయన నా ముంగట నిలవడి మాఫీ అడిగిండు. నేను మాఫ్ చేసిన అన్న. పెద్దమనిషి లెక్క." ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నాకు సిగ్గయితుంది ఇప్పుడు."

కాంతమణి ఖాళీ టీ కప్పు తీసింది. ఆమె గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు. "పోయి రామ్మా. ఆయన పండుకునే టైమైంది."

హిమజ ఇంటికి వచ్చి, అత్తగారికి అన్నం తినిపించి, మందులిచ్చి, ఫోన్ తీసింది. ఈసారి చెరపలేదు. రామ్మోహన్ సార్ చైన్ బిగించింది జమాల్ చాచా కాదు, నేను, లాక్ పడిందో లేదో చూసుకోకుండా వెళ్లిపోయాను, ఇన్ని రోజులు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు అని రాసింది. ఇకమీదట ఎవరి చైన్లూ నేను చేయలేను అని కూడా రాసింది. పంపి, ఫోన్ బోర్లా పెట్టింది.

జవాబులు ఆమె ఊహించినట్టు లేవు. ఎవరూ తిట్టలేదు. చాలాసేపటికి ఒకరు "ఇట్స్ ఓకే అక్కా" అన్నారు. ఇంకొకరు "మరి నా చైన్ మీ దగ్గరే ఉంది కదా, ఎప్పుడు తీసుకోవాలి?" అని అడిగారు. అది చదివి హిమజకు నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది, పక్కటెముకల్లో నొప్పిలా వచ్చింది. మర్నాడు రాఘవేందర్ ఫోన్ చేశాడు.

"అక్కా, నేను ఆ ముసలాయన దుకాణం ముంగట పదిమందిల అరిచిన. నువ్వు ఒక్క మాట అంటే నేను అరుస్తుంటినా?"

"తప్పే రాఘవేందర్."

"తప్పే అంటే అయిపాయెనా?"

"అయిపోలే. కాని నువ్వు అడగకుంటనే అరిచినవు. అది నా తప్పు కాదు."

అతను ఫోన్ పెట్టేశాడు. రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. జమాలుద్దీన్ దగ్గరికి మాత్రం మూడు వారాల తర్వాత వెళ్లాడని పర్వతాలు చెప్పాడు. లోపలికి వెళ్లలేదట. చక్రం వంకర పోయిందని సైకిల్ దించి, "జెర చూడుండ్రి భాయ్" అని, ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డాడట. చాచా చూసిపెట్టాడు. ఆ ఒక్క మాటతోనే ఇద్దరూ సరిపెట్టుకున్నారు.

పదకొండు మందిలో ఆరుగురు బోయిగూడకు తిరిగి వచ్చారు. మిగిలినవాళ్లు హిమాయత్‌నగర్‌లో కొత్తగా తెరిచిన పెద్ద షోరూమ్‌కు అలవాటుపడ్డారు. జమాలుద్దీన్ ఇప్పుడు వారంలో నాలుగు రోజులే దుకాణం తెరుస్తున్నాడు. చాచీ కంటికి ఆపరేషన్ అయింది, కొంచెం కనపడుతోంది. మిగతా రోజులు ఇంట్లో పడుకుంటున్నానని చెప్పాడు. "పడుకుంటే నిద్ర రాదు, ఊకనే పడుకుంట. అది సుత మంచిగనే ఉంది" అన్నాడు.

హిమజ కుక్కర్‌లో మిగిలిన మైనాన్ని గడ్డగా తీసి చెత్తబండికి వేసింది. ఒక శనివారం మధ్యాహ్నం తన సైకిల్ తీసుకుని జమాలుద్దీన్ దగ్గర కూర్చుంది. అతను ఒక్కో రోలర్ మీద చుక్క వేస్తుంటే ఆమె పెడల్ వెనక్కి తిప్పింది. నూట పధ్నాలుగు లింకులు. సగం అయ్యాక సీసా ఆమె చేతికిచ్చాడు. మిగతా సగం ఆమె వేసింది, అతను తిప్పాడు. తర్వాత ఇద్దరూ చెరో గుడ్డతో తుడిచారు.

ఆదివారాలు కొన్ని వెళ్లింది, కొన్ని వెళ్లలేదు. వెళ్లని రోజున ఎనిమిదింటి దాకా పడుకుంది. అలా మూడోసారి పడుకున్న రోజు అనసూయమ్మే దయాకర్‌ను గదమాయించింది, "లేపకురా దాన్ని. చాయ నువ్వే పెట్టు."

మార్చి మొదట్లో రామ్మోహనరావు ఫోన్ చేశాడు. నాలుగు నెలల్లో అది మొదటి ఫోను. డాక్టరు సైకిల్‌కు ఒప్పుకున్నాడని, ఎత్తులెక్కడం వద్దన్నాడని చెప్పాడు. "కాప్రా దాంక పోయొద్దామనుకుంటున్న. మెల్లగ. గుంపుల వద్దు. నీకు వీలుంటదా?"

"ఉంటది సార్" అంది హిమజ. తర్వాత అడిగింది, "ఆంటీ ఏమన్నరు?"

"నీతోని పోతనంటే ఏమనలే. ఏమనలే అంటే, వద్దనలే. గదే."

ఇద్దరూ చెరువు దాకా చాలా నెమ్మదిగా వెళ్లారు. ఆటోలు, పాలబండ్లు, సిటీ బస్సులు అన్నీ వాళ్లను దాటుకుంటూ పోయాయి. కట్ట మీద దిగి కూర్చున్నారు. ఆయన నీళ్ల సీసా నోటికి ఎత్తబోతే కుడిచేయి భుజం దాకా లేవలేదు. ఎడమ చేత్తో పట్టుకుని తాగాడు. ఆమె సాయం చేయబోయి ఆగింది.

"ఇంతే లేస్తది ఇగ" అన్నాడాయన. "డాక్టరేమో ఇంక లేస్తది అంటున్నడు. నాకైతే నమ్మకం లేదు."

చెరువు అవతల అపార్టుమెంట్ల మీద ఎండ పడుతోంది. ఆయన ఇంకో రెండు గుటకలు తాగి, సీసా ఆమెకు ఇచ్చాడు. ఆమె తాగింది.

"కోపం పోయిందా సార్?" అని అడిగింది.

"పోలేదు" అన్నాడాయన నిజాయితీగా. "కొంచెం ఉంది. కాని నువ్వు తప్ప ఇంత మెల్లగ తొక్కేటోళ్లు ఎవరున్నరు?"

ఎండ ముదరకముందే లేచారు. వచ్చేటప్పుడు ఈసీఐఎల్ దగ్గర చిన్న ఎత్తు వస్తే ఆయన దిగి సైకిల్ నడిపించాడు. హిమజ కూడా దిగి పక్కన నడిచింది.